ఉపన్యాసం ముగిసిన తరువాతి గంట

మా కళాశాలలో ఏడాది పొడవునా జరిగే అతిథి ఉపన్యాసాలనూ సంగీత కచేరీలనూ చూసుకునే పని తొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉంది. అతిథికి మొదటి లేఖ రాయడం మొదలుకొని వేదిక మీద మంచినీళ్ల సీసా పెట్టించేదాకా అన్నీ ఆ పనిలో భాగమే. ఇన్నేళ్లలో నాకు కలిగిన ఒక అభిప్రాయం ఏటేటా గట్టిపడుతూ వచ్చింది. ఇటువంటి కార్యక్రమాలకు విలువ వేదిక మీద గడిచే గంట వల్ల కొంత వస్తుంది. వందన సమర్పణ అయిపోయిన తరువాత అతిథి విద్యార్థుల మధ్య కూర్చుని గడిపే గంట వల్ల అంతకన్నా ఎక్కువ వస్తుంది. ఆ రెండో గంటకు చోటు లేకుండా వేసిన ప్రణాళిక ఎంత పెద్ద పేర్లతో నిండి ఉన్నా అది సగం పనేనని నేను నమ్ముతున్నాను. ఈ మాట సంఘ సమావేశాల్లో చాలాసార్లు చెప్పాను. ఎప్పుడూ పూర్తిగా చెప్పే వీలు దొరకలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అది ఎక్కడ మొదలయిందో నాకు బాగా గుర్తుంది. నాలుగేళ్ల కిందట, నక్షత్రాల దూరాలను కొలిచే పద్ధతుల గురించి మాట్లాడటానికి ఒక ఖగోళశాస్త్రవేత్త మా దగ్గరికి వచ్చారు. నాలుగు వందల కుర్చీల సభాగృహం నిండిపోయింది. స్వాగతం, అధ్యక్షుల తొలిపలుకులు, అతిథి పరిచయం, ఆ పరిచయంలో ఆయన పట్టాలూ పదవులూ వరుసగా చదవడం, ఇవన్నీ అయ్యేసరికి ముప్పై అయిదు నిమిషాలు గడిచాయి. ఆయన నలభై నిమిషాలు చాలా చక్కగా మాట్లాడారు. సమయాభావం వల్ల రెండు ప్రశ్నలకే అవకాశమని మైకులో ప్రకటించింది నేనే. ఆ రెండూ ముందు వరుసలో కూర్చున్న అధ్యాపకులే అడిగారు. తరువాత జ్ఞాపిక, ఫోటో, గుమ్మం దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టిన కారు. ఆ కారుకు రెండు బారల దూరంలో రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె, నోటు పుస్తకంలో వేలు పెట్టి పేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమెను చూసి నవ్వి, "మెయిల్ చెయ్యమ్మా" అని చెప్పి కారెక్కారు. ఆయన తప్పేమీ లేదు. ఆ వేళకు రైలు చూసి టికెట్టు తీసింది మేమే.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, ఏమి అడగాలనుకున్నదో చెప్పమన్నాను. మాట్లాడకుండా నోటు పుస్తకం తెరిచి చూపించింది. "కాంతి పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలతో దూరం కొలుస్తామన్నారు. మారుతూ ఉండే వస్తువు కొలబద్ద ఎలా అవుతుంది?" అని రెండు వాక్యాలు రాసి, కింద రెండుసార్లు గీత గీసుకుంది. నేను బోధించేది సాహిత్యం కనుక నాకు జవాబు తెలియదు. భౌతికశాస్త్ర విభాగంలోని సహోద్యోగి వివరించిన తరువాతే, ఆ ప్రశ్న ఎంత సూటిగా విషయం మధ్యలోకి వెళ్లిందో నాకు అర్థమైంది. అటువంటి నక్షత్రాల కాంతి ఎన్ని రోజులకొకసారి పెరిగి తగ్గుతుందో గమనిస్తే, దాన్ని బట్టి వాటి అసలు ప్రకాశాన్ని తెలుసుకోవచ్చునని 1912లో ఖగోళశాస్త్రవేత్త హెన్రియెట్టా లెవిట్ చూపించారు. అసలు ప్రకాశం తెలిసిన తరువాత, మన కంటికి చేరే ప్రకాశంతో దాన్ని పోల్చి దూరం లెక్కకట్టవచ్చు. ఏ మార్పును చూసి ఆ అమ్మాయి సందేహపడిందో, కొలతకు ఆధారం ఆ మార్పే. ఈ మాట ఆ నక్షత్రాలతోనే జీవితం గడిపిన మనిషి నోటి నుంచి, తన ప్రశ్నకు జవాబుగా ఆమె వినవలసింది. సభలోని నాలుగు వందల మందిలో ఆ ఉపన్యాసాన్ని అందరికన్నా శ్రద్ధగా విన్నది బహుశా ఆమే. మేము చేసిన ఏర్పాట్లలో ఆమె నిలబడటానికి చోటే లేకపోయింది.

అప్పటి నుంచి, ఈ సంప్రదాయాన్ని మొదలుపెట్టినవారు ఏమి ఆశించి మొదలుపెట్టారో తెలుసుకోవాలని చదవడం ప్రారంభించాను. లండన్‌లో థామస్ గ్రెషమ్ అనే వర్తకుడి వీలునామా ప్రకారం 1597లో ఏర్పడిన గ్రెషమ్ కళాశాలలో పరీక్షలూ పట్టాలూ లేవు. ఏడుగురు ఆచార్యులు నగర ప్రజలకు ఉచితంగా ఉపన్యసించడమే అక్కడి పని, నేటికీ అక్కడ ఉచిత ఉపన్యాసాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ ఏడు పీఠాల్లో ఖగోళం, జ్యామితి, న్యాయశాస్త్రం, వైద్యం వంటి వాటితో పాటు సంగీతానికీ ఒకటి ఉంది. సంగీతాచార్యుడికి రాసిన నియమం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. వారానికి రెండుసార్లు జరిగే ఆ ఉపన్యాసంలో సుమారు అరగంట శాస్త్రం చెప్పాలి. మిగిలిన సమయమంతా గొంతుతోనో వాద్యాలతోనో వినిపించాలి. ఒక ఉపన్యాసం లాటిన్‌లో, రెండోది ఇంగ్లీషులో ఉండాలని నియమం. కానీ మొదటి ఆచార్యుడు జాన్ బుల్‌కు లాటిన్ మాట్లాడటం రాదు కనుక, రెండూ ఇంగ్లీషులోనే చెప్పుకోవచ్చునని ఆ నియమంలోనే సడలింపు రాశారు. గొప్ప వాద్యకారుణ్ణి భాష పేరుతో వదులుకోకుండా, నియమాన్నే ఆయనకు తగినట్టు సవరించుకున్నారు.

నేటి కళాశాలల్లో ఉపన్యాసాలకు ఒక సంఘం, కచేరీలకు వేరొక సంఘం ఉండటం మామూలు. ఒకటి చదువు కింద, రెండోది వినోదం కింద లెక్కకు వస్తాయి. నాలుగు వందల ఏళ్లకు పైబడిన ఆ నియమం రెండింటినీ ఒకే గంటలో కూర్చోబెట్టింది. మన సంగీతలోకంలో సోదాహరణ ప్రసంగమనే పేరుతో ఉన్న పద్ధతి కూడా ఇదే. 1977లో ఢిల్లీ ఐఐటీ ఆచార్యుడు కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్‌మెకే అనే సంస్థ, శాస్త్రీయ కళాకారులను విద్యాసంస్థలకు తీసుకువెళ్లేటప్పుడు ఈ పద్ధతినే ముఖ్యంగా పట్టుకుంది. కళాకారుడు పాడి, ఆగి, తాను ఇప్పుడు చేసినదేమిటో చెప్పి, మళ్లీ పాడతాడు. ఏమీ తెలియని విద్యార్థి కూడా అప్పుడు చేయెత్తి అడగగలుగుతాడు. రెండున్నర గంటలు ఏకధాటిగా సాగే కచేరీలో ఆ చేయి లేచే సందు ఎక్కడా ఉండదు.

గ్రెషమ్ కళాశాల చరిత్రలో నా వాదానికి మరింత దగ్గరైన సంఘటన ఇంకొకటి ఉంది. 1660 నవంబరు 28న అక్కడ ఖగోళశాస్త్ర ఆచార్యుడు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం ఇచ్చాడు. అది ముగిసిన తరువాత పన్నెండు మంది ఇళ్లకు వెళ్లకుండా ఒకచోట కూర్చుని, ప్రయోగాల ద్వారా ప్రకృతి జ్ఞానాన్ని పెంపొందించడానికి ఒక సంఘం పెట్టుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ సంఘమే రాయల్ సొసైటీ అయింది. ఆనాటి ఉపన్యాసం గురించి ఈరోజు ఎవరూ మాట్లాడుకోరు. ఉపన్యాసం తరువాత జరిగిన సమావేశాన్ని మాత్రం చరిత్ర గుర్తుపెట్టుకుంది. ఆరోజు రెన్‌ను తీసుకువెళ్లడానికి గుమ్మం దగ్గర బండి సిద్ధంగా ఉండి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

విన్నవాడు ఏమి చేయగలడో చెప్పడానికి, విద్యుత్తు మీద పరిశోధనలతో పేరుపొందిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడేకు మించిన ఉదాహరణ లేదు. 1812లో ఇరవై ఏళ్ల ఫారడే లండన్‌లో పుస్తకాల బైండింగు పని నేర్చుకుంటున్నాడు. ఆ దుకాణానికి వచ్చే విలియం డాన్స్, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇస్తున్న రసాయనశాస్త్ర ఉపన్యాసాలకు అతనికి టికెట్లు ఇచ్చాడు. ఈ డాన్స్ సంగీత విద్వాంసుడు. ఆ మరుసటి ఏడే లండన్‌లో ఫిల్‌హార్మోనిక్ సొసైటీని స్థాపించినవారిలో ఒకడు. కచేరీల లోకానికి చెందిన మనిషి ఇచ్చిన టికెట్టుతో సైన్సు ఉపన్యాసాలకు వెళ్లిన ఆ కుర్రవాడు, విన్నదంతా బొమ్మలతో సహా మూడు వందల పుటల దాకా రాసి, తానే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా చేరాడు. ఆ తరువాత కథ అందరికీ తెలిసినదే. నాకు ఇందులో ముఖ్యమైన విషయం, డేవీ ఆ కుర్రవాణ్ణి పిలిచి మాట్లాడటం. ఆ పిలుపే రాకపోతే మూడు వందల పుటల ఆ పుస్తకం మా విద్యార్థిని నోటు పుస్తకంలాగానే మూతపడి ఉండేది.

వేదిక మీది సమయం గురించి కూడా ఫారడే వల్ల తెలుసుకోవలసినది ఉంది. 1813లో స్నేహితుడికి రాసిన లేఖల్లో మంచి ఉపన్యాసం ఎలా ఉండాలో సవివరంగా చర్చిస్తూ, ఎవరికైనా ఒక గంట చాలునని, అంతకు మించకూడదని రాశాడు. వక్తకు గంట చాలునన్నప్పుడు, వక్తకు ముందు మాట్లాడేవారికి అరగంట పైన ఎందుకో నాకు నేటికీ అర్థం కాదు. మేము ఇప్పుడు పరిచయాన్ని రెండు నిమిషాలకు కుదించి, అతిథి రాసినదేదైనా ముందుగా చదివిన విద్యార్థి చేతనే చెప్పిస్తున్నాము. ఆ రెండు నిమిషాల కోసం ఆ విద్యార్థి వారం రోజులు చదువుతాడు. ప్రశ్నల సమయంలో మొదటి అరగంట విద్యార్థులదే. అధ్యాపకులు ఆ తరువాతే చేయెత్తాలి. ప్రశ్న ఏ భాషలో అడిగినా స్వీకరించాలన్నది మరొక నియమం. వక్తకు ఆ భాష రాకపోతే పక్కన ఉన్నవారు చెబుతారు. మనసులో ఒక భాషలో పుట్టిన సందేహాన్ని నలుగురి ముందు వేరొక భాషలోకి మార్చి అడగాలంటే, ఆ మార్చే భయంలోనే చాలామంది ప్రశ్నలు ఆగిపోతాయి. సంగీతకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీ అంతటివాడు 1939-40లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలను ఫ్రెంచిలోనే చదివాడు. పెద్దవారికి ఇచ్చే ఆ సౌకర్యం పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఇంకా ఎక్కువ అవసరం.

హార్వర్డ్‌లోని ఆ ఉపన్యాసాల ఏర్పాటునే ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. చార్లెస్ ఎలియట్ నార్టన్ పేరిట 1925లో నెలకొల్పిన ఆ పీఠానికి వచ్చే అతిథి ఒక్క సాయంత్రం మాట్లాడి వెళ్లడు. అక్కడే ఉండి కనీసం ఆరు ఉపన్యాసాలు ఇస్తాడు. సంగీతకర్త లియొనార్డ్ బెర్న్‌స్టైన్ 1973లో ఆరు ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు, పియానో ముందు కూర్చుని మాట్లాడుతూ వాయిస్తూ, సంగీతానికి భాషలాగా వ్యాకరణం ఉంటుందా అన్న ప్రశ్నను వెంటాడాడు. అటువంటి నిధులు మామూలు కళాశాలలకు ఉండవని నాకు తెలుసు. అయితే నిధి చిన్నదైనప్పుడు దాన్ని పన్నెండు ముక్కలుగా విడగొట్టాలా, నాలుగు ముక్కలుగానా అన్న నిర్ణయం మన చేతిలోనే ఉంది. ఏడాదికి పన్నెండుమందిని ఒక్కొక్క గంటకు పిలిచే బదులు నలుగురిని రెండేసి రోజులు ఉంచుకుంటే, ప్రయాణాల ఖర్చు తగ్గుతుంది. ఉపన్యాసం మొదటి రోజు సాయంత్రం పెడితే, రాత్రి ఆలోచించుకున్న విద్యార్థి మర్నాడు పొద్దున ప్రశ్నతో రాగలుగుతాడు. నా అనుభవంలో మంచి ప్రశ్నలు ఉపన్యాసం ముగిసిన నిమిషంలో రావు. ఒక రాత్రి గడిచాక వస్తాయి.

కచేరీల విషయంలో ఈ తేడా నాకు ఇంకా స్పష్టంగా కనిపించింది. కిందటి ఏడాది ఒక వయొలిన్ విద్వాంసురాలు రెండు రోజులు ఉండటానికి ఒప్పుకున్నారు. కచేరీ రోజు మధ్యాహ్నం మైకులు సరిచూసుకునే వేళకు, ఎప్పుడూ తలుపులు మూసి చేసే ఆ పనికి ఈసారి విద్యార్థులను రానిచ్చాము. ఇరవై మంది దాకా వచ్చి గోడ వారగా కూర్చున్నారు. ఆమె వాద్యం తీయకముందే వేదిక మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టి, తల కొంచెం పక్కకు వంచి విన్నారు. తరువాత ఎడమ వైపు నాలుగు అడుగులు వేసి మళ్లీ కొట్టారు. వెనుక ఉన్న యంత్రం హోరు వినిపిస్తున్నదని, కచేరీ వేళకు దాన్ని ఆపించమని చెప్పారు. ఆపైన శ్రుతి చేసుకుంటూ ఒక తంత్రి సరిగ్గా సగం దగ్గర వేలు ఆనీ ఆననట్టు ఉంచి కమాను లాగారు. పై స్థాయి షడ్జం ఈల వేసినట్టు పలికింది. మూడో వంతు దగ్గర వేలు ఉంచేసరికి ఆ పై స్థాయి పంచమం పలికింది. గోడ దగ్గర కూర్చున్నవారిలో ఒకడు, వేలు గట్టిగా నొక్కితే ఇంకొక స్వరం వస్తుంది కదా, ఆనిస్తే ఇది ఎలా వచ్చిందని అడిగాడు. ఆమె నవ్వి, "నా చెయ్యి చెబుతుంది గానీ నా నోరు చెప్పలేదు, మీ భౌతికశాస్త్రం మాస్టారిని పిలవండి" అన్నారు. ఆయన వచ్చారు. సగం దగ్గర ఆనించిన వేలు తంత్రి మొత్తం ఒకే ఊపుగా ఊగడాన్ని ఆపి, రెండు సమానమైన భాగాలుగా ఊగడాన్ని మాత్రం మిగులుస్తుందని ఆయన బోర్డు మీద గీస్తుంటే, ఆమె ప్రతి గీతకూ స్వరం పలికించారు. ఆ ముప్పావుగంట మా కార్యక్రమ పత్రంలో లేదు. ఆ ఏడాది జరిగినవాటన్నింటిలో నాకు మొదట గుర్తొచ్చేది మాత్రం అదే.

ఆమె చప్పట్టు కొట్టి విన్నది ప్రతిధ్వనిని. ఉపన్యాసానికీ కచేరీకీ ఒకే హాలు వాడే కళాశాలలన్నీ పట్టించుకోవలసిన సంగతి అది. మాటకు గదిలో శబ్దం త్వరగా అణగాలి. సంగీతానికి కొంతసేపు నిలవాలి. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో వక్త పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా వినిపిస్తూ, తరువాతి మాటల మీద పడి ఏదీ అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచేయమని యువ అధ్యాపకుడు వాలెస్ సబైన్‌కు అప్పగించారు. అతను పక్కనే ఉన్న శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల దిండ్లు రాత్రివేళ మోసుకొచ్చి, ఆర్గన్ గొట్టాన్ని మోగించి, శబ్దం ఆగేదాకా సెకన్లు లెక్కపెడుతూ, ఎన్ని దిండ్లకు ఎంత శబ్దం అణగుతుందో ఏళ్ల తరబడి కొలిచాడు. పనికిరాని ఆ ఉపన్యాస మందిరంలో పుట్టిన లెక్కల సాయంతోనే 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును రూపొందించారు. కూర్చున్న మనుషులు కూడా దిండ్లలాగే శబ్దాన్ని పీల్చుకుంటారు కనుక, ఖాళీ హాలులో సరిచేసిన మైకు నిండిన హాలులో సరిపోదు. సగం నిండిన హాలులో ఇంకొక రకంగా ఉంటుంది. ఎంతమంది వస్తారన్న ప్రశ్నకు ఈ కారణం చేత కూడా నిజాయితీగా జవాబు తెలిసి ఉండాలి.

ఎంతమంది వస్తారన్న ఆ ప్రశ్న దగ్గరే నాకూ సంఘంలోని పెద్దలకూ ఎప్పుడూ అభిప్రాయభేదం. హాజరు తప్పనిసరి చేయకపోతే ఎవరూ రారన్నది వారి వాదం. అది పూర్తిగా తప్పని నేను అనను. తప్పనిసరి కనుక వచ్చి, అనుకోకుండా ఒక రాగానికో ఒక మాటకో కట్టుబడిపోయిన విద్యార్థులను నేను చూశాను; అటువంటివారు తమంతట తాము ఆ తలుపు తట్టి ఉండేవారు కారు. కానీ ఆ కొద్దిమంది కోసం మిగిలినవారిని కట్టడి చేస్తే సభకు కలిగే నష్టం వేదిక మీద ఉన్నవారికే తెలుస్తుంది. ఒకసారి ద్వారం దగ్గర సంతకాలు తీసుకుని లోపలికి పంపిన కచేరీలో, దీపాలు తగ్గించగానే వరుసల మధ్య ఫోన్ల వెలుగులు ఒక్కొక్కటిగా లేచాయి. ఆలాపన చేస్తున్న గాయకుడు కళ్లు తెరిచి ఒక్క క్షణం ఆ వెలుగులను చూసి, మళ్లీ మూసుకున్నాడు. గంటన్నర పాడవలసిన మనిషి యాభై నిమిషాలకు మంగళం పాడాడు. ఆ క్షణం నుంచి నా మనసులో తప్పనిసరి హాజరుకు చోటు లేకుండా పోయింది.

తరువాతి ఉపన్యాసానికి సంతకాలు ఎత్తివేయించాను. నలభై ఏడుగురు వచ్చారు. నాలుగు వందల కుర్చీల హాలులో ఆ నలభై ఏడుగురూ చెదిరి కూర్చుంటే వక్తకూ వారికీ ఇద్దరికీ చిన్నతనంగా ఉంటుందని, అరవై మంది పట్టే సెమినారు గదికి సభను మార్చాము. గది నిండుగా ఉంది, మైకు అక్కర్లేకపోయింది, చివరి వరుసలో ఉన్నవారి ముఖం కూడా వక్తకు కనిపించింది. నివేదికలో పెట్టడానికి ఫోటో బాగా రాలేదని ఫిర్యాదు వచ్చిన మాట నిజం. నివేదికల అవసరం నాకు తెలుసు. వాటిని చూసే కళాశాలకు గుర్తింపు ఇస్తారు, ఆ గుర్తింపుతోనే అందరి చదువూ ముడిపడి ఉంది. కానీ నివేదికలో హాజరు సంఖ్యకు ఒక గడి ఉన్నట్టే, విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు ఒక పుట ఉండవచ్చు. గత రెండేళ్లుగా ప్రతి కార్యక్రమానికీ ఆ ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టు రాసి జతపరుస్తున్నాను. ఎవరూ కాదనలేదు.

పేరున్నవారే కావాలన్న పట్టుదల గురించి ఎక్కువ రాయను. పేరున్నవారిలో రెండు రోజులు ఉండేంత తీరిక కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఉన్నవారినే పిలుద్దామన్నది నా కోరిక.

ఇక అన్నీ వీడియోల్లో దొరుకుతున్న కాలంలో మనిషిని పిలిపించడం ఎందుకని అడిగేవారికి నా జవాబు వేరుగా ఉంటుంది. 1964లో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఏడు ఉపన్యాసాలను బీబీసీ చిత్రీకరించింది కనుక, ఆనాడు ఆ హాలులో లేనివారు కూడా ఇప్పుడు వాటిని చూడగలుగుతున్నారు. అది ఎంతో మేలు చేసిన పని. నేను విద్యార్థులకు వాటిని చూడమని చెబుతాను, అతిథి రాకముందు ఆ అతిథి పాత ప్రసంగాల వీడియోలు ఉంటే వాటినీ చూడమంటాను. కానీ ఫైన్‌మన్ ఎంత బాగా చెప్పినా, తెర ముందు కూర్చున్న అమ్మాయి మొహంలో సందేహం చూసి ఆగలేడు. వీడియో ఉండటం వల్ల నిజానికి అతిథికి ఒక భారం తగ్గింది: అందరికీ చెప్పే మాటను ఆ అమ్మాయి ముందే విని రావచ్చు, తనకు మాత్రమే కావలసిన మాటను ఎదురుగా అడగవచ్చు.

వచ్చే ఏడాదికి అయిదు కార్యక్రమాల పట్టిక సిద్ధం చేశాము: మూడు ఉపన్యాసాలు, రెండు సోదాహరణ కచేరీలు. అందరూ ఒక రాత్రి ఉండటానికి ఒప్పుకున్నవారే. ప్రతి కార్యక్రమం ఎదురుగా సభాగృహం పేరుతో పాటు, సభ తరువాత కూర్చోవడానికి సెమినారు గది పేరు రాసి ఉంది. ఆ గది ఎన్నింటిదాకా తెరిచి ఉండాలో, తాళం ఆ సాయంత్రం ఏ విద్యార్థి దగ్గర ఉంటుందో కూడా రాసి ఉంది. కారు మర్నాటి మధ్యాహ్నానికి చెప్పాము. నాలుగేళ్ల కిందట వచ్చిన ఖగోళశాస్త్రవేత్తకు ఈసారి మళ్లీ లేఖ రాస్తూ, ఆనాటి ఆ రెండు వాక్యాల ప్రశ్నను అందులో జతచేశాను. ఆయన ఆగస్టులో వస్తున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు వేరొక ఊళ్లో పైచదువు చదువుతున్నది. ఆమెకు కూడా కబురు పంపాను.